బండికి కాళ్ళతో పనెప్పుడు?

వెన్నుపాము దెబ్బతిని నడుము కింద చలనం పోయిన మనిషి మళ్ళీ పందెపు బండి ఎక్కాడన్న వార్త ఎప్పుడు వచ్చినా, మన పత్రికలు దానికి పెట్టే శీర్షికలు రెండు మూడే. ‘విధిని జయించిన వీరుడు’, లేకపోతే ‘ఆత్మవిశ్వాసానికి మారుపేరు’. వార్త ఆసాంతం చదివినా, ఆయన గేరు ఎలా మార్చాడు, వెనక బ్రేకు దేనితో వేశాడు, బండి ఆగినప్పుడు పక్కకు ఒరిగిపోకుండా ఎవరు పట్టుకున్నారు అన్నవాటికి ఒక్క వాక్యం దొరకదు. నాకు తెలుసుకోవాలని ఉండేది సరిగ్గా అవే. ధైర్యం లోకంలో చాలామందికి ఉంది. ఎంత ధైర్యమున్నా దానితో గేరు పడదు.

యంత్రశాస్త్రం చదువుకున్నవాడిని కాబట్టి నా చూపు అటే పోతుందని మిత్రులు ఎగతాళి చేస్తుంటారు. కావచ్చు. కానీ ఈ విషయాన్ని సాహసగాథగా చూసినంత కాలం, దాన్ని అసాధారణ వ్యక్తులకు మాత్రమే సాధ్యమైన పనిగా మిగిల్చేస్తున్నామని నా అభిప్రాయం. వీరుడికైతే చప్పట్లు కొట్టి ఇంటికి పోవచ్చు. లివరు కావలసినవాడికి లివరు చేసి ఇవ్వాలి.

మోటారు సైకిలు మీద కాళ్ళు చేసే పనులేమిటో ఒకసారి లెక్క వేద్దాం. ఎడమ కాలు గేర్లు మారుస్తుంది, కుడి కాలు వెనక బ్రేకు తొక్కుతుంది. (పాత బుల్లెట్టు నడిపినవారు, ఇది మా బండికి తారుమారు కదా అని ఈపాటికి గొణుక్కుంటూ ఉంటారు. అంటే ఏ పని ఏ కాలిదన్నది కూడా దైవనిర్ణయం కాదన్నమాట!) మోకాళ్ళు పెట్రోలు ట్యాంకును అదిమి పట్టి, బ్రేకు వేసినప్పుడు ఒళ్ళు ముందుకు జారిపోకుండా ఆపుతాయి. మలుపులో బయటి వైపు పాదం ఫుట్‌రెస్టు మీద బరువు మోపి శరీరాన్ని లోపలి వైపుకు జరుపుతుంది. చివరగా, బండి ఆగినప్పుడు కాలు నేలకు ఆనుతుంది.

మొదటి రెండు పనులనూ చేతికి అప్పగించడం ఏమంత కష్టం కాదు. గేరు లివరును కదిలించే చిన్న విద్యుత్ పరికరాన్ని బిగించి, దాని మీటలు రెండు ఎడమ పిడి దగ్గర పెడితే, బొటనవేలితో నొక్కగానే గేరు పైకో కిందికో పడుతుంది. వెనక బ్రేకు సంగతి ఇంకా రసవత్తరంగా ఉంటుంది. 1992లో ఆస్ట్రేలియాకు చెందిన మిక్ డూహన్ హాలండులోని ఆసెన్‌లో పడి, కుడి కాలు తీసివేయవలసినంత ప్రమాదం దాకా వెళ్ళాడు. కాలు దక్కింది గానీ వెనక బ్రేకు తొక్కే సత్తువ దానికి లేదు. అందుకని ఎడమ చేతి బొటనవేలితో నొక్కే బ్రేకు చేయించుకున్నాడు. 1994 నుంచి 1998 వరకు వరుసగా అయిదుసార్లు 500 సీసీ ప్రపంచ విజేత ఆయనే. తరువాత మోటో జీపీలో రెండు కాళ్ళూ నిక్షేపంగా ఉన్నవాళ్ళు కూడా బొటనవేలి బ్రేకు పెట్టించుకోవడం మొదలుపెట్టారు. కుడి వైపుకు బాగా వాలిపోయిన మలుపులో పాదం బ్రేకును సరిగా అందుకోలేదు, వేలికి ఆ చిక్కు లేదు మరి. ఒక దెబ్బతిన్న కాలి కోసం పుట్టిన మార్పు ఇలా అందరి పరికరమైంది. ‘ప్రత్యేక సదుపాయం’ అనే మాట విన్నప్పుడల్లా నాకు ఈ బ్రేకు గుర్తుకొస్తుంది.

మూడో పని, నాలుగో పని కష్టమైనవి. ఛాతీ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవారికి కాళ్ళే కాదు, పొట్ట కండరాలూ నడుము కండరాలూ కూడా మాట వినవు. బ్రేకు వేస్తే ఒంటి బరువంతా భుజాల మీద, మణికట్ల మీద పడుతుంది. మలుపులో పక్కకు జరిగి వేలాడటం కుదరదు. అందుచేత బండిని హ్యాండిలుతో మాత్రమే వాల్చాలి. ఎడమకు తిరగాలంటే ఎడమ పిడిని ముందుకు నెట్టడం, కుడికి తిరగాలంటే కుడి పిడిని నెట్టడం. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, సైకిలు తొక్కిన ప్రతివారూ తెలియకుండా చేసేదిదే. తొడలు విచ్చుకోకుండా పట్టీ, పాదాలు జారిపోకుండా ఫుట్‌రెస్టుకు ఒక బిగింపు ఉంటాయి. ఆ బిగింపు మామూలప్పుడు ఊడకూడదు, పడినప్పుడు ఊడకుండా ఉండకూడదు. ఈ రెండింటి నడుమ సరైన పట్టు కుదర్చడమే అసలైన పనితనం.

ఇక అయిదో పని. నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఇదే. రెండు చక్రాల బండి వేగం అందుకున్నాక చాలా వరకు తనను తానే నిలబెట్టుకుంటుంది. గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగంతో పోయే మోటారు సైకిలుకు తన మీద కూర్చున్నవాడికి కాళ్ళు పనిచేస్తున్నాయో లేదో పెద్దగా పట్టదు. అయిదు కిలోమీటర్ల వేగం దగ్గర పడుతుంది. ఆగితే మరీ పడుతుంది. అంటే ఈ మనిషికి అవరోధం మనం భయపడే చోట లేదు, మనం లెక్కచేయని చోట ఉంది. బయలుదేరే మొదటి పది అడుగుల్లో, ఆగే చివరి పది అడుగుల్లో ఉంది. అక్కడ ఏ యంత్రమూ అక్కర్లేదు. బయలుదేరేటప్పుడు ఇద్దరు మనుషులు చెరో పక్కన పట్టుకుని నెట్టాలి, తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరు మనుషులు ఎదురుచూసి అందుకోవాలి. అంతే.

ఈ పట్టుకునేవాళ్ళు లేక ఎంతెంత కాలం గడిచిపోయిందో చూడండి. అమెరికాకు చెందిన వేన్ రెయినీ 1990, 91, 92 సంవత్సరాల్లో యమహా మీద 500 సీసీ ప్రపంచ విజేత. 1993 సెప్టెంబరు 5న ఇటలీలోని మిజానోలో పందెంలో ముందుండగా పడ్డాడు. ఛాతీ కింద చలనం పోయింది. ఆ తరువాత యమహా జట్టును నడిపాడు, చేతులతో నడిపే కార్టు చేయించుకుని పందేలు ఆడాడు. మోటారు సైకిలు మాత్రం ఎక్కలేదు. 2019 నవంబరులో జపానులోని సుజుకాలో, చేతి గేర్లు అమర్చిన యమహా ఆర్1 మీద మళ్ళీ కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్ళు! 2022లో ఇంగ్లండులోని గుడ్‌వుడ్ ఉత్సవంలో, తనకు 1992లో పట్టం తెచ్చిపెట్టిన బండినే చేతులకు అనువుగా మార్పించి నడిపాడు. ఇరవై ఆరేళ్ళలో వెన్నుపాముకు కొత్త వైద్యమేమీ రాలేదు. మీటతో గేరు మార్చడం 1993లోనూ తెలియని విద్య కాదు. ఆ ఇరవై ఆరేళ్ళలో మారింది ఆయన మనసు, చుట్టూ ఉన్నవాళ్ళ మనసు అని నేననుకుంటాను.

అదే 2019లో, జులైలో, అదే సుజుకాలో తకుమా ఆవోకి కూడా బండి ఎక్కాడు. ఆవోకి సోదరులు ముగ్గురూ ప్రపంచ స్థాయి పందెగాళ్ళు. నడిమివాడైన తకుమా 1997లో 500 సీసీ విభాగంలో అయిదో స్థానంలో నిలిచి, 1998 పందేలు మొదలుకాక ముందే పరీక్షా పరుగులో పడి కాళ్ళు కోల్పోయాడు. అన్న నోబుఆత్సు, తమ్ముడు హారుచికా పూనుకుని ఆయనను మళ్ళీ హోండా మీద కూర్చోబెట్టారు. అక్కడితో ఆపలేదు. పేరూ ఊరూ లేని మామూలు వికలాంగులకు కూడా బండి నడిపే అవకాశం కల్పించడానికి ‘సైడ్ స్టాండ్ ప్రాజెక్ట్’ అనే సంస్థ పెట్టారు. ఆ పేరు పెట్టినవారికి నా నమస్కారం. సైడు స్టాండంటే ఏమిటి? పరుగులో దానితో పని లేదు. ఆగినప్పుడు ఒరిగిపోకుండా ఆనుకోవడానికి ఉండేది. ఇంగ్లండులో ‘ది బైక్ ఎక్స్‌పీరియెన్స్’ పేరుతో ఇలాంటి పనే జరుగుతోంది. దాన్ని స్థాపించిన టాలన్ స్కీల్స్ పిగ్గిన్స్ తానే వెన్నుపాము దెబ్బతిన్నవాడు, 2010 వాంకూవర్ పారాలింపిక్స్‌లో మంచు మీద కూర్చుని జారినవాడు. ఫ్రాన్సులో 2017లో లె మాన్ గ్రాండ్ ప్రి సందర్భంగా వికలాంగ పందెగాళ్ళకు విడిగా ఒక పందెం కూడా పెట్టారు.

మన దగ్గర ఆ పది అడుగుల సమస్యను ఇంకో విధంగా తీర్చారు. స్కూటరుకు వెనక రెండు వైపులా చక్రాలు బిగించడం. ప్రతి ఊళ్ళోనూ చూస్తుంటాం. మా పెద్దమ్మ కొడుకు ఒకప్పుడు ఆర్‌ఎక్స్ 100 మీద గుంటూరు, విజయవాడల మధ్య గాలిలా తిరిగినవాడు. రోడ్డు ప్రమాదంలో నడుము కింద చలనం పోయాక, విజయవాడ ఆటోనగర్‌లో సైడు చక్రాలు బిగించిన స్కూటరు కొనుక్కున్నాడు. ఆ బండి వల్లే ఉద్యోగం నిలిచింది, పిల్లల చదువులు సాగాయి. దాన్ని నేను చిన్నబుచ్చడం లేదు. అయితే ఒకరోజు ఎలా ఉందన్నయ్యా అని అడిగితే, “ఆగినప్పుడు బాగానే ఉంటుందిరా. మలుపులోనే, ఇది నా బండి కాదనిపిస్తుంది” అన్నాడు.

యంత్రశాస్త్రం అంతా ఆ రెండు ముక్కల్లో ఉంది. సైడు చక్రాలున్న బండి వాలదు. వాలని బండి మలుపులో మనిషిని బయటి వైపుకు విసురుతుంది. నడుము కండరాలు లేని మనిషి ఆ విసురును చేతులతో కాచుకోవాలి, అవే చేతులతో హ్యాండిలు తిప్పాలి. రోడ్డు మధ్యలో పల్లం వస్తే పక్క చక్రాలు రెండూ గట్టు మీద నిలిచి, ఇంజను తిప్పే అసలు చక్రం గాలిలో తిరుగుతుంది. ఒక గుంతను తప్పించబోతే పక్క చక్రం ఇంకో గుంతలో పడుతుంది. ఆగినప్పటి చిక్కు కోసం పరుగంతా మూల్యం చెల్లిస్తున్నామన్నమాట. రోడ్డు మీద, అడుగడుగునా ఆగవలసిన మన ట్రాఫిక్కులో, మరో దారి లేదు. ఒంటరిగా వెళ్ళే మనిషిని ప్రతి సిగ్నలు దగ్గరా ఎవరు పట్టుకుంటారు? పందెపు బాట మీద ఆ అవసరం లేదు. అందుకే పందెపు బాటను నేను విలాసంగా చూడలేను. మా అన్నయ్య లాంటివాడు తన పాత బండిని వాల్చి నడపగల చోటు లోకంలో అదొక్కటే.

అయితే మీటలు బిగించినంత మాత్రాన అంతా అయిపోయిందనుకుంటే పొరపాటు. స్పర్శ లేని కాలు వేడెక్కిన ఇంజనుకు తగిలి చర్మం కమిలిపోతున్నా మనిషికి తెలియదు. చాలా కాలం బరువు మోయని ఎముక పెళుసుబారి, చిన్న దెబ్బకే విరుగుతుంది. దెబ్బతిన్న చోటుకు కింద చెమట సరిగా పట్టదు కాబట్టి, తోలు దుస్తుల్లో, కారు లోపలి ఉక్కలో, ఒళ్ళు ప్రమాదకరంగా వేడెక్కుతుంది. ఛాతీ వెన్నుపూసల్లో ఆరోదానికి పైన దెబ్బతిన్నవారికి ఇంకో గండం ఉంది. పట్టీ మరీ బిగుసుకున్నా, దుస్తుల మడత ఒత్తుకున్నా, మూత్రాశయం నిండినా, నొప్పి తెలియదు గానీ రక్తపోటు ఒక్కసారిగా పెరిగిపోతుంది. కాబట్టి ఈ బండి తయారుచేసేవాడు గేరు పెట్టెతో పాటు సీటు మెత్తను, ప్యాంటు కుట్టును కూడా పట్టించుకోవాలి. వీరగాథల్లో వీటికి చోటుండదు.

అభ్యంతరాలు చెప్పేవారినీ వినాలి. వారు చెప్పేదంతా జాలి కాదు, కొంత నిజముంది. మామూలు పందెగాడు బాట మధ్యలో పడితే లేచి పక్కకు పరుగెడతాడు, ఈయన పరుగెత్తలేడు. కారు అంటుకుంటే వీళ్ళు ఎలా బయటపడతారు? ఇవి సరైన ప్రశ్నలు. సరైన ప్రశ్న కాబట్టే సరైన పరీక్ష పెట్టవచ్చు. ఎంతసేపట్లో బయటపడగలడో గడియారం పెట్టి చూడవచ్చు. బాట పక్కన ఉండే సిబ్బందికి ఎవరు లేవలేరో ముందే చెప్పి ఉంచవచ్చు. అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్యలో వికలాంగుల కోసం ఒక సంఘమే ఏర్పడి, దానికి నథాలీ మెక్‌గ్లోయిన్ అధ్యక్షత వహించింది. ఆమె మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని, చేతి మీటలతో పోర్షే నడిపి పందేలు ఆడిన మనిషి. రోగం పేరు చూసి కాదనడం వేరు, చేయగలిగినదాన్ని కొలిచి కాదనడం వేరు. నేను మొదటిదాన్ని ఒప్పుకోను, రెండోదానికి తల వంచుతాను.

ఇంట్లోవాళ్ళ అభ్యంతరం మరింత బరువైనది. “ఒకసారి అయింది చాలదా?” కాళ్ళు లేనివాడికి చేతులే కాళ్ళు. మంచం మీది నుంచి కుర్చీలోకి మారాలన్నా భుజాలే ఆధారం. ఒక కాలరు ఎముక విరిగితే మనకు ఆరు వారాల అసౌకర్యం, ఆయనకు ఆరు వారాల పరాధీనత. ఆ ఆరు వారాలూ ఎత్తి దించేది భార్యో తల్లో. వారి మాటను కొట్టిపారేసే హక్కు నాకు లేదు. అయినా, రెండు కాళ్ళూ ఉన్నప్పుడు అదే ప్రమాదానికి సిద్ధపడినవాడిని ఎవరూ ఆపలేదు, మీదుమిక్కిలి బహుమతులిచ్చారు. ఇప్పుడు ఆపాలనుకునేవారు కనీసం ఆయనను కూర్చోబెట్టి అడిగి ఆపాలి.

కార్ల విషయంలో కథ ఇంకా ముందుకు పోయింది. అమెరికాలోని లాంగ్ బీచ్ వీధుల్లో 1980 మార్చిలో జరిగిన ఫార్ములా వన్ పందెంలో, స్విట్జర్లాండుకు చెందిన క్లే రెగజోని కారు బ్రేకు పెడలు పనిచేయక దూసుకుపోయింది. నడుము కింద పక్షవాతం. తరువాత ఆయన చేతి మీటలతో డకార్ లాంటి పందేల్లో పాల్గొన్నాడు, వికలాంగుల డ్రైవింగు కోసం పాటుపడ్డాడు. సరిగ్గా నలభై అయిదేళ్ళకు, 2025 ఏప్రిల్లో, అవే లాంగ్ బీచ్ వీధుల్లో కెనడాకు చెందిన రాబర్ట్ వికెన్స్ కొర్వెట్ పందెపు కారు నడిపాడు. 2018లో పోకోనోలో వెన్నుపాము దెబ్బతిన్నవాడాయన. ఈసారి బ్రేకు వేళ్ళ దగ్గర ఉంది. పందెపు కారు బ్రేకును కాలితో తొక్కడానికే బోలెడు బలం కావాలి, వేళ్ళకు అంత బలం ఎక్కడిది? అందుకని బాష్ సంస్థ విద్యుత్ బ్రేకు వ్యవస్థను అమర్చింది. వేలు సంకేతం ఇస్తుంది, బలం యంత్రం పెడుతుంది. ఇంకా పైన, మెడ దగ్గర దెబ్బతిని చేతులు కూడా పోయిన శామ్ ష్మిట్, తల కదలికతో స్టీరింగు తిప్పుతూ, గొట్టంలోకి ఊదితే వేగం, పీల్చితే బ్రేకు అనే పద్ధతిలో మార్పించిన కొర్వెట్‌కు 2016లో నెవాడా రాష్ట్రం పరిమిత లైసెన్సు కూడా ఇచ్చింది.

వికెన్స్ ముందు నడిపిన హ్యుందయ్ కారు నాకు ఇంకా ఎక్కువ నచ్చింది. స్టీరింగు వెనక ఒక కడియం ఉంటుంది, దాన్ని వేళ్ళతో తన వైపు లాగితే బ్రేకు పడుతుంది. ఆ పందేల్లో ఒకే కారును ఇద్దరు వంతులవారీగా నడపాలి. ఆయన జతగాడు హ్యారీ గాట్సాకర్‌కు కాళ్ళు పనిచేస్తాయి. ఒకరు దిగి మరొకరు ఎక్కినప్పుడు ఒక స్విచ్ వేస్తే చేతి మీటలకు బదులు పెడళ్ళు, మళ్ళీ వేస్తే పెడళ్ళకు బదులు చేతి మీటలు. 2023లో ఆ తరగతి విజేతలు వీరిద్దరే. 2021లో లె మాన్ ఇరవై నాలుగు గంటల పందెంలో మన తకుమా ఆవోకి కూడా ఇలాంటి కారులోనే దిగాడు. జట్టులో ముగ్గురు, అందులో ఇద్దరికి కాళ్ళు లేవు, కారు ఇరవై నాలుగు గంటలూ పూర్తిచేసింది.

మన దేశంలో దీపా మలిక్ ఉన్నారు. 1999లో వెన్నుపాము కణితికి శస్త్రచికిత్స జరిగాక ఛాతీ కింద చలనం లేదు. 2016 రియో పారాలింపిక్స్‌లో గుండు విసిరి రజతం తెచ్చారని అందరికీ తెలుసు. అంతకు ముందే, మార్పించిన ర్యాలీ వాహనానికి దేశ మోటారు క్రీడల సమాఖ్య నుంచి లైసెన్సు సంపాదించి, 2009లో రెయిడ్ ద హిమాలయలో, మరుసటేడు డెజర్ట్ స్టార్మ్‌లో పాల్గొన్నారని తెలిసినవారు తక్కువ. పతకం గుర్తుంది, లైసెన్సు గుర్తులేదు. తరువాత వచ్చేవారికి పనికొచ్చేది మాత్రం లైసెన్సే.

మన 1988 మోటారు వాహనాల చట్టం ఈ బండ్లను ‘ఇన్వాలిడ్ క్యారేజి’ అనేది. ఆ మాటకు అశక్తుడి బండి అనీ అర్థం, ఉచ్చారణ కొంచెం మారిస్తే చెల్లని బండి అనీ అర్థం! 2019 సవరణతో అది ‘అడాప్టెడ్ వెహికల్’ అయింది. మంచిదే. కానీ ఆ నిర్వచనం చివర, అటువంటి వ్యక్తి చేత గాని, అటువంటి వ్యక్తి కోసం గాని మాత్రమే వాడబడేది అన్న షరతు ఉంది. ఇంటికి ఒక బండి ఉంటే గొప్పయిన దేశంలో, వికలాంగుడి బండి వికలాంగుడిదే కావాలట. హ్యుందయ్ పందెపు కారులో ఒక స్విచ్‌తో తీరిన విషయం ఇది. మా వదిన అన్నయ్య స్కూటరు తీసుకుని రైతుబజారుకు వెళ్తుంటుంది. కూరగాయల్లో సగం అన్నయ్య కోసమే కాబట్టి చట్టం కూడా ఏమీ అనదని ఆమె వాదన.